కట్టెల బాయిలరు దగ్గర ఆగిపోయిన కూటం

ఆరు శీతాకాలాలుగా నా మాట ఎవరూ చివరిదాకా వినలేదు. సగం విన్నవాళ్లు ఉన్నారు. "అంటే కట్టెల పొయ్యా బ్రదర్?" అని ఒక నవ్వు నవ్వి, సమోసాల బల్ల వైపు నడిచినవాళ్లు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో నలభై కుటుంబాల దాకా ఉన్నాయి. ఏదో ఒక ఆదివారం నాకు ఆ నవ్వు చూపించని ఇల్లు వాటిలో లేదు. ఎవరు ఎప్పుడు నవ్వారో నాకు గుర్తుంది. కాగితం మీద రాస్తే కనీసం నా ఎదుట నవ్వే వీలుండదు కాబట్టి, ఇప్పుడు మొదటి నుంచి చెబుతాను.

మేము పదకొండేళ్లు అమెరికాలో, న్యూజెర్సీలోని పార్సిప్పనీలో అపార్ట్‌మెంట్‌లో ఉన్నాం. అక్కడ హీట్ అద్దెలోనే వస్తుంది. వస్తుందంటే, వాళ్లు పంపినప్పుడు వస్తుంది. నవంబరులో మమ్మల్ని గడ్డకట్టించి మార్చిలో ఉడకబెట్టేవారు. లీజింగ్ ఆఫీసుకు నేను రాసిన ఉత్తరాలన్నిటికీ కలిపి ఒక్క జవాబు వచ్చింది. నా అభిప్రాయం తెలియజేసినందుకు ధన్యవాదాలట. నేను రాసింది అభిప్రాయం కాదు, మా పడగ్గది ఉష్ణోగ్రత. ఆ రోజే అనుకున్నాను, నా ఇంటి వేడి నా చేతిలో ఉండాలని.

ఆ పంతం మమ్మల్ని గంటంబావు దూరం పడమటికి తీసుకెళ్లింది. న్యూజెర్సీ అయిపోయి పెన్సిల్వేనియా మొదలయ్యే చోట, కొండవాలులో, అయిదెకరాల చెట్ల మధ్య ఒక పాత ఇల్లు. అమ్మే ముసలాయన వంటగదిని రెండు నిమిషాల్లో చూపించి, పెరట్లోకి తీసుకెళ్లి గంటన్నర నిలబెట్టాడు. ఇంటికి ఎనభై అడుగుల అవతల, పొగగొట్టం తగిలించిన రేకుల గది లాంటిది ఒకటుంది. అదే బయటి బాయిలరు. మధ్యలో నిప్పుగది, దాని చుట్టూ నీళ్లు. కట్టెలు మండితే నీళ్లు కాగుతాయి. ఆ నీళ్లను పంపు భూమిలో పాతిన గొట్టాల గుండా మా బేస్‌మెంట్‌లోకి నెడుతుంది. అక్కడ కారు రేడియేటర్ లాంటి పలక ఉంటుంది, ఫ్యాన్ దాని మీదుగా గాలి ఊదుతుంది, ఇల్లంతా వెచ్చబడుతుంది. చల్లారిన నీళ్లు మళ్లీ బాయిలరుకు వెళ్తాయి. ఇంట్లో నిప్పు లేదు, బూడిద లేదు, పొగ లేదు. ఆయన ఇదంతా చెప్పి, "మా పిల్లలు ఎప్పుడూ చివరిదాకా వినలేదు" అన్నట్టుగా ఏదో అన్నాడు. నేను విన్నాను. బహుశా అందుకే ఇల్లు నాకు అమ్మాడు.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, కోస్తా ఇళ్లలో స్నానాల గది పక్కన ఉండే రాగి బాయిలరుకు ఇది పెద్దన్న. మధ్య గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్లు, అదే సూత్రం. నేను అందరికీ ఇలాగే చెప్పేవాణ్ని. తేడా ఒక్కటే. రాగి బాయిలరులో నీళ్లు వాడుకోవడానికే కాస్తాం. దీంట్లో నీళ్లను ముట్టుకోం. ఏళ్ల తరబడి అవే నీళ్లు తిరుగుతుంటాయి. ఇనుము తుప్పు పట్టకుండా వాటిలో ఒక మందు కలుపుతాం. ఈ తేడా ముఖ్యమైనది. నేను దీన్ని చివర్లో చెప్పేవాణ్ని, చివరిదాకా ఎవరూ ఉండేవారు కాదు.

ఇంట్లో గ్యాస్‌తో వేడి ఇచ్చే ఒక ప్రొపేన్ ఫర్నేస్ కూడా ఉండేది. మొదటి ఏడాదే దాన్ని తీయించేశాను.

"ఏమండీ, రేపు ఇది ఆగిపోతే?" అని అడిగింది నా భార్య.

"ఆగదు" అన్నాను.

ఆ ఒక్క మాటను ఆమె ఇంకా నాకు తిరిగి అప్పగిస్తూనే ఉంది.

మొదటి శీతాకాలంలో నేనొక తప్పు చేశాను, దాచను. పచ్చి కట్టెలు కాల్చాను. పచ్చి కట్టెలు మండవు, ఏడుస్తాయి. తెల్లటి పొగ బరువుగా నేల మీద పాకింది. సరిగ్గా అదే వారం మా సంఘం సెక్రటరీ గారు కొత్త క్యాలెండరు ఇవ్వడానికి వచ్చారు. ఒంటె రంగు ఉన్నికోటు, కొత్తది. గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా బాయిలరు పక్కన పది నిమిషాలు నిలబడ్డారు. గాలి వీచే దిక్కు నా బాధ్యత కాదు. ఆ కోటును రెండుసార్లు డ్రైక్లీనింగ్‌కి ఇచ్చినా వాసన పోలేదని ఆయన ఏడుసార్లు చెప్పగా నాకు తెలుసు, అందులో నాలుగుసార్లు నా ఎదుటే.

రెండో ఏడాది నుంచి నా కట్టెలు రెండేళ్లు ఎండినవి. మా స్థలంలో పురుగు పట్టి నిలువునా చచ్చిన యాష్ చెట్లు, గాలికి పడిన ఓక్. కొట్టి, చీల్చి, రేకు కింద పేర్చి, మొదళ్లు నెర్రెలిచ్చేదాకా ఆగి కాలుస్తాను. పొగగొట్టం పైన ఎండలో గాలి కాస్త వణికినట్టు కనిపిస్తుంది, అంతే. అయినా ఫలితం లేదు. ఒకసారి పడిన పేరు పడిందే. సంఘంలో పిల్లలకు నేను 'స్మోక్ అంకుల్'. ఆరాధనకు అద్దెకు తీసుకునే హాలులో, ఉదారంగా, తలుపు పక్క కుర్చీ నాకు చూపిస్తారు. పూర్వకాలంలో దహనబలుల పొగ దేవుడికి ఇంపుగా ఉండేదని మా పాస్టరు అయ్యగారు ప్రసంగాల్లో చెబుతారు. మా సెక్రటరీ గారి ముక్కు అంతకంటే పైస్థాయిది.

ఇదైనా సహించేవాణ్ని. సహించలేనిది గృహకూటాల జాబితా. మా సంఘంలో నెలకొక శనివారం ఒక ఇంట్లో కూడుకుంటాం. పాటలు, వాక్యం, సాక్ష్యాలు, చివర అయ్యగారు చేతులెత్తి దీవెన చెబుతారు, తరువాత భోజనం. ఏ నెల ఎవరి ఇల్లో సెక్రటరీ గారు ఏడాదికొకసారి జాబితా వేస్తారు. అయిదేళ్లూ మా పేరు జూన్, జూలై, ఆగస్టుల్లోనే పడింది. "ఎండాకాలంలో మీ వైపు చాలా బాగుంటుంది బ్రదర్" అనేవారు. ఎండాకాలంలో బాయిలరు చల్లగా పడి ఉంటుంది. కూటానికి వచ్చిన పిల్లలు దాని మీద చెప్పులు ఆరబెట్టుకుంటారు.

నాకు కావలసింది ఒక్కటే. నడి శీతాకాలంలో ఈ సంఘం నా ఇంట్లో కోటు విప్పి కూర్చోవాలి. వాళ్ల ఇళ్లలో జనవరి కూటాలకు నేను వెళ్లాను. థర్మోస్టాట్ అరవై ఆరు ఫారెన్‌హీట్ దగ్గర పెట్టి, శాలువాలు కప్పుకుని, కాఫీ కప్పును చేతుల్లో నొక్కుకుంటూ "దేవుడు చాలా మంచివాడు" అంటారు. మా ఇంట్లో జనవరిలో నేను పొట్టిచేతుల బనీనుతో తిరుగుతాను. ఆ సంగతి వాళ్ల ఒంటికి తెలియాలి. అంతకంటే ఎక్కువ నేనెప్పుడూ అడగలేదు.

ఆరో ఏడాది అక్టోబరులో మా మావయ్య గారు ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. నా భార్య తండ్రి. బాపట్ల వైపు కరెంటు డిపార్టుమెంటులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మోకాళ్ల నొప్పులు తప్ప మనిషి గట్టి. వచ్చిన మూడో రోజే పెరట్లోకి వచ్చి బాయిలరు చుట్టూ రెండుసార్లు తిరిగి, పొగగొట్టం వైపు చూసి, "ఇది ఎలా పనిచేస్తుంది అల్లుడుగారూ?" అని అడిగారు.

ఆరేళ్లలో అలా అడిగిన మొదటి మనిషి. నా ఆనందం చెప్పలేను. అన్నీ చెప్పాను. తలుపు ఒక్కసారిగా తెరవకూడదని, ముందు అంగుళం తెరిచి ఆగాలని, లేకపోతే మంట మొహం మీదికి వస్తుందని చెప్పాను. ఏ కట్టె ఎంతసేపు నిలుస్తుందో చెప్పాను. రాగి బాయిలరుకు పెద్దన్న అన్నాను, ఆయన మొహం వెలిగింది. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి నాకు సెక్రటరీ గారి కోటు గుర్తొచ్చింది. ఆ కథ మొదలుపెట్టాను. కోటు నుంచి తలుపు పక్క కుర్చీకి, కుర్చీ నుంచి జాబితాకు వెళ్లాను. అది అయ్యేసరికి చీకటి పడింది, నా భార్య టీకి పిలిచింది. మందు సంగతి చెప్పనే లేదు.

ఆయన పనిమంతుడు. వారం తిరక్కుండా ఉదయపు విడత కట్టెలు వేసే పని తనే తీసుకున్నారు. నేను లేచేసరికి నిప్పుగది నిండి ఉండేది, ఆయన స్నానం చేసి తల దువ్వుకుని కూర్చునేవారు. మా ఊరి నీళ్లు భలే మెత్తగా ఉన్నాయని, సబ్బు ఇట్టే నురగ వస్తోందని మెచ్చుకున్నారు. మాది బావినీళ్లు, గట్టివి, సబ్బు అసలు నురగే రాదు. పెద్దాయన మర్యాదకు అంటున్నారనుకున్నాను. డిసెంబరుకు ఒళ్లు దురదలన్నారు. చలిగాలికి చర్మం ఆరిపోతుందని నా భార్య పెద్ద సీసా లోషన్ కొనిచ్చింది.

అదే సమయంలో బాయిలరులో నీళ్లు తగ్గసాగాయి. మామూలుగా ఏడాదికి ఒకసారి కాస్త పోస్తే సరిపోతుంది. ఇప్పుడు మూడు రోజులకొకసారి మట్టం చూపే గాజుగొట్టంలో నీళ్లు కిందికి వస్తున్నాయి. ఎక్కడో కారుతోందన్నమాట. నేను హోస్ పెట్టి నింపేవాణ్ని, మళ్లీ తగ్గేవి. బాయిలరు అమ్మే డీలరుకు రాశాను. ఒకటి కాదు, పదకొండు ఈమెయిళ్లు, ఫోటోలతో. ఒక్కదానికీ జవాబు లేదు. చివరికి ఒక రోజు చెప్పకుండా వచ్చాడు, మాసిన టోపీ, మాటలు తక్కువ. గొట్టాలన్నీ తడిమి, బురద కోసం చుట్టూ చూసి, ఎక్కడా కారడం లేదన్నాడు. మీ ఇంట్లో ఎవరైనా నీళ్లు తీస్తున్నారా అని అడిగాడు. నూట ఎనభై డిగ్రీల మందునీళ్లను పెరట్లోంచి ఎవరు తీస్తారు? నాకు ఒళ్లు మండింది. ఆయన వెళ్లేటప్పుడు మావయ్య గారు మర్యాదగా చెయ్యి ఊపారు.

జనవరి కూటం ఎవరిదో పెద్ద ఇంట్లో జరగాల్సింది. ఆ ఇంట్లో చలికి నీళ్లగొట్టం పగిలింది. మంగళవారం సాయంత్రం సెక్రటరీ గారి ఫోను.

"వందనాలు బ్రదర్. ఈ శనివారం మీ ఇంట్లో పెట్టుకోవచ్చా? వేరే ఎవరూ ఫ్రీగా లేరు."

చివరి వాక్యం అక్కర్లేదు, అయినా చెప్పారు. నేను చూసి చెబుతానన్నాను. ఒక నిమిషం ఫోను బల్ల మీద పెట్టి గోడ వైపు చూస్తూ నిలబడి, సరేనన్నాను.

ఆ నాలుగు రోజులు నేను ఆఫీసు పని ఎలా చేశానో నాకు తెలియదు. మూడేళ్లు ఎండిన ఓక్ దాచుకున్న వరస ఒకటుంది, దాన్ని దించాను. పొగగొట్టం తుడిచాను. బాయిలరు ముందు మంచు తవ్వి, గాలి ఎటు వీచినా నిలబడడానికి చోటు ఉండేలా చేశాను. నా భార్య ముప్ఫయి మందికి బిర్యానీ తలపెట్టింది. మావయ్య గారు ఊరికే కూర్చోలేక, కూల్‌డ్రింకులు పెట్టడానికి మేము కొన్న పెద్ద కొత్త ప్లాస్టిక్ చెత్తడబ్బాలు రెండింటిని కడిగి పెరటి వసారాలో పెట్టారు. ఎందుకని నేను అడగలేదు.

శనివారం నాలుగు గంటలకు పదకొండు కార్లు, ఇరవై ఎనిమిది మంది. బయట పదిహేను డిగ్రీలు, మన లెక్కలో సున్నాకు బాగా కింద. తలుపు తీయగానే లోపలి వేడి వాళ్ల మొహాలకు తగిలింది. అది నేను చూశాను. కళ్లద్దాలు మసకేశాయి. అయ్యగారు, పిస్కాటవే నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చినాయన, "అబ్బ" అన్నారు. ఒక్కొక్కరే కోటు విప్పారు. ఆడవాళ్లు స్వెట్టర్లు కూడా. పడగ్గది మంచం మీద కోట్ల గుట్ట లేచింది. చివరగా సెక్రటరీ గారు ఒంటె రంగు కోటు బొత్తాలు విప్పి, ఎక్కడ పెట్టాలా అని చూశారు. నేనే అందుకున్నాను.

"బాగా వెచ్చగా ఉంది బ్రదర్" అన్నారాయన.

"డెబ్బై ఆరు" అన్నాను. ఆరేళ్లుగా తయారు చేసుకున్న మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ అవసరం కాలేదు.

మొదటి పాట, రెండో పాట అయ్యాయి. అయ్యగారు వాక్యం మొదలుపెట్టారు. మంచి ప్రసంగం. మధ్యలో ఎక్కడో నా కాళ్లకు చల్లగా తగిలింది. గోడ మీది అంకె చూశాను, డెబ్బై ఒకటి. తలుపులు తీసి మూశారు కదా అనుకున్నాను. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, వచ్చే గాలి మాత్రం చల్లగా ఉంది. అరవై ఎనిమిది. పాత ఇల్లు, కిటికీల సందులు నాకు తెలుసు. ఒక సిస్టర్ లేచి పడగ్గదిలోకి వెళ్లి కోటుతో వచ్చింది. తరువాత ఇద్దరు వెళ్లారు. తరువాత ఒక కుటుంబం మొత్తం. కోట్ల గుట్ట కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. అరవై నాలుగు దగ్గర సెక్రటరీ గారు లేచారు.

నేను వెనక తలుపు గుండా బయటికి పరుగెత్తాను. నిప్పు ఎర్రగా, దివ్యంగా ఉంది. గాజుగొట్టంలో నీటిగీత కనిపించడం లేదు. మట్టం అంత తగ్గితే బాయిలరు తనంతట తనే గాలి మూసేసి పంపు ఆపేస్తుంది. ఉదయం నేనే చూసి నింపాను. హోస్ పట్టుకున్నాను, అది లోపల గడ్డకట్టి కర్రలా ఉంది. లోపలికి వచ్చాను, మళ్లీ బయటికి వెళ్లాను, డీలరును తిట్టుకుంటూ మళ్లీ వచ్చాను. అప్పటికి లోపల సాక్ష్యాలు మొదలయ్యాయి. మావయ్య గారు లేచి నిలబడి ఉన్నారు. చేతులు కట్టుకున్నారు.

"వందనాలండి. నేను సాక్ష్యం చెప్పేంత వాణ్ని కాదు. ఇందాకటి నుంచి అందరూ కోట్లు వేసుకుంటున్నారు. మా అల్లుడుగారు లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఆయన తప్పేం లేదండి. ఆ బాయిలరులో నీళ్లు నేను తీశాను."

అందరి తలలూ నా వైపు తిరిగాయి.

"ఎన్ని తీశారు మావయ్యగారూ?" అన్నాను.

"ఇవాళా, మొత్తమ్మీదా?"

ఎవరో దగ్గు లాంటిది దగ్గారు. మొత్తమ్మీద అన్నాను.

"వచ్చిన కాడి నుంచి రోజూ రెండు బకెట్లండి, స్నానానికి. కట్టెల మీద కాగిన నీళ్లు మోకాళ్లకి మంచిది కదా. వెనకాల కింద కుళాయి ఉంది. మీరు ఎలాగూ నింపుతున్నారు. ఇవాళ మాత్రం వసారాలో ఆ రెండు డబ్బాలూ నింపాను. ఇంతమంది భోంచేస్తారు, ఈ చలిలో చేతులు ఎట్టా కడుక్కుంటారు?"

నిజమే. వాళ్ల ఊళ్లో చర్చి దగ్గర ఏ విందు జరిగినా బయట డ్రమ్ములో వేణ్నీళ్లు, పక్కన రెండు మగ్గులు ఉంటాయి. అది పెద్దల పని, ఆయన ఆ పని చేశారు. వసారాలో, మూతలు పెట్టిన రెండు చెత్తడబ్బాల్లో, నా ఇంటి వేడంతా ఆవిరి కక్కుతూ కూర్చుని ఉంది.

వంటగది గుమ్మంలోంచి నా భార్య, "నాన్నా, ఆ నీళ్లలో తుప్పుమందు ఉంటుంది" అంది.

ఆయన మోచెయ్యి గోక్కున్నారు. "అందుకేనా అమ్మా దురద" అన్నారు.

అప్పుడు నవ్వారు అందరూ. నా ఇంట్లో, నా ఎదుట. కోట్లలో భుజాలు కదులుతుంటే. సెక్రటరీ గారు నా వైపు తిరిగి, "బ్రదర్, మీ మావగారికి ఒక మాట చెప్పి ఉండాల్సింది కదా" అన్నారు. మెత్తగానే అన్నారు. చెప్పాల్సిన చోట నేను ఆయన కోటు గురించి చెప్పానని ఆయనకు తెలియదు. నేనూ చెప్పలేదు. ఆ మాటను మాత్రం రాసి పెట్టుకున్నాను.

అయ్యగారు పుస్తకం మూసి లేచారు. "ఆ నీళ్లు ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి కదా? తిరిగి పోసేస్తే పోలా?" అన్నారు. చదువుకున్న మనిషి.

వసారా నుంచి బాయిలరు దాకా మంచులో మగవాళ్లు వరసగా నిలబడ్డారు. సాఫ్ట్‌వేరు వాళ్లు, ఫార్మా వాళ్లు, ఒక పళ్ల డాక్టరు. బకెట్లు మూడే ఉన్నాయి, మిగతావి నా భార్య ఇచ్చిన బిర్యానీ గిన్నెలు, ఒక పూలకుండీ. మొదట మావయ్య గారు ముంచి ఇవ్వబోతే కూర్చోమన్నారు, ఆయన వినలేదు. బాయిలరు నెత్తిమీది మూత దగ్గర నిచ్చెన ఎక్కి పోయాలి. అందరికంటే పొడుగైన మనిషి సెక్రటరీ గారు. ఎక్కారు. గాలి ఆ సాయంత్రం కూడా దిక్కు చూసుకోలేదు, పొగగొట్టం నుంచి వచ్చిందంతా నేరుగా ఆయన మీదికే వచ్చింది. ఆయన దిగలేదు. చేతికందిన ప్రతి గిన్నెనూ నెమ్మదిగా, చిందకుండా పోశారు. ఇది కూడా నేను మర్చిపోను. నాకు గుర్తుండేవి అవమానాలే అని మా ఇంట్లో అంటారు, అది తప్పు.

గాజుగొట్టంలో గీత పైకి వచ్చింది. పంపు మూలిగి అందుకుంది. అందరూ ఒక్కసారి "ఆఁ" అన్నారు. అప్పుడు నన్ను పళ్ల డాక్టరు అడిగాడు, "ఇప్పుడు ఈ నీళ్లు ఎటు వెళ్తాయండి?" అని. చెప్పడం మొదలుపెట్టాను. నలుగురైదుగురు చుట్టూ చేరారు. నేను గొట్టాల దగ్గరికి వచ్చేసరికి అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి, మంచు తుఫాను హెచ్చరిక. కొండ దారి, గంటంబావు ప్రయాణం. బిర్యానీ నిలబడే, కోట్లతోనే, పది నిమిషాల్లో తిన్నారు. చేతులు మామూలు కుళాయి కింద కడుక్కున్నారు. పదకొండు కార్లు ఒకదాని వెనక ఒకటి గేటు దాటాయి.

ఏడున్నరకు ఇల్లు మళ్లీ డెబ్బై ఆరుకు వచ్చింది. ఆ వేడిలో మేము ముగ్గురం, ఇరవై ఎనిమిది కాగితం ప్లేట్లు. వాళ్లు కోటు లేకుండా నా ఇంట్లో కూర్చున్నది ఇరవై అయిదు నిమిషాలు. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది కాబట్టి కచ్చితంగా చెప్పగలను.

డీలరుకు పన్నెండో ఈమెయిలు రాశాను, రెండు వాక్యాలు, తప్పు మాదేనని. పదకొండు ఫిర్యాదులకు నోరు విప్పని మనిషి ఒక్క క్షమాపణకు గంటలో జవాబిచ్చాడు. బాయిలరును ఖాళీ చేసి, కొత్త నీళ్లకు కొత్త మందు ఎంత కలపాలో రాశాడు. మావయ్య గారికి దురదలు తగ్గాయి, మోకాళ్ల నొప్పులు మళ్లీ మొదలయ్యాయి. మందు వల్లే మోకాళ్లు బాగుండేవని ఆయన నమ్మకం. ఆ వాదనలోకి నేను దిగను.

మార్చిలో కొత్త జాబితా వచ్చింది. మా పేరు జూలైలో ఉంది.

నేను సెక్రటరీ గారిని అడిగాను. జనవరి మీకు అయిపోయింది కదా బ్రదర్, అన్నారు. అయిపోయిందా? ఇక్కడే నా ప్రశ్న. మన పద్ధతి ప్రకారం అయ్యగారు చేతులెత్తి దీవెన చెబితేనే కూటం ముగుస్తుంది. దీవెన చెప్పేదాకా ఎవరూ లేవకూడదని, మధ్యలో లేచి వెళ్లడం దేవుడి ముందు నుంచి లేచి వెళ్లడమేనని ఇదే సెక్రటరీ గారు మైకులో హెచ్చరించడం నేను తలుపు పక్క కుర్చీలో కూర్చుని విన్నాను. ఆ శనివారం మా ఇంట్లో సాక్ష్యం మధ్యలో లేచి బకెట్లు పట్టుకున్నారు, బకెట్లు దించి బిర్యానీ పట్టుకున్నారు, బిర్యానీ దించి తాళాలు పట్టుకున్నారు. దీవెన ఎవరూ చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను, నా భార్య ఉంది, మావయ్య గారు ఉన్నారు. కావాలంటే పళ్ల డాక్టరునీ అడగండి.

ఈ మాటే అయ్యగారిని హాలులో పట్టుకుని అడిగాను. ఆలోచించాల్సిన విషయమే బ్రదర్ అని నవ్వి, పక్కనున్న పెళ్లివారితో మాటల్లో పడ్డారు. మూడు ఈమెయిళ్లు రాశాను. వాట్సాప్‌లో పెట్టాను, నీలం టిక్కులు పడ్డాయి. పడి ఏడు నెలలైంది. ఈ ఏటి ఓక్ చీల్చి పేర్చాను, హోస్ బేస్‌మెంట్‌లో వెచ్చగా చుట్టి పెట్టాను, వెనక కుళాయికి తాళం వేశాను.

అయ్యగారూ, నేను అడిగేది పెద్ద వేదాంతమేమీ కాదు. మా ఇంట్లో ఆ జనవరి శనివారం మొదలైన కూటం ముగిసిందా, ముగియలేదా? ముగిసిందంటే, దీవెన లేకుండా ఎలా ముగిసిందో సంఘం ముందు చెప్పండి, ఇక నేను అడగను. ముగియలేదంటే, ఈ జనవరిలో వచ్చి, కోట్లు విప్పి కూర్చుని, ముగించి వెళ్లండి. అవునో కాదో, ఒక్క మాట. జవాబు ఇవ్వండి.